ఐదో లక్షణం

అక్క పోయిన రోజు పొద్దున ఆమె తొమ్మిదో తరగతి జీవశాస్త్రం పేపర్లు దిద్దుతోంది. ఆ కట్ట తొమ్మిది రోజులుగా ఆమె సంచిలో అక్క ఉన్న ఆస్పత్రికి వెళ్ళొస్తూనే ఉంది. శుక్రవారానికల్లా మార్కులు కావాలని హెడ్మాస్టరు రెండుసార్లు గుర్తు చేశాడు, రెండోసారి "మీ పరిస్థితి నాకు తెలుసనుకోండి" అని కూడా కలిపాడు. అందుకని వంటింటి గట్టు పక్కన నిలబడి, పొయ్యి మీద గిన్నె మీదొక కన్నేసి, రెండో కన్నుతో దిద్దుతోంది. ఈ విద్యలో ఆమెకి ఇరవై ఏళ్ళ అనుభవం. ఉప్పు వేశానా లేదా అని తడుముకున్న రోజులున్నాయి గానీ, మార్కుల కూడికలో తప్పు పోయిన రోజు లేదు.

చేతికొచ్చిన పేపరు అక్క కూతురిది. మూడో ప్రశ్న: శరీరంలో ఒక భాగం గాయపడినప్పుడు కనిపించే లక్షణాలు రాయండి. పిల్ల గుండ్రటి అక్షరాలతో రాసింది. ఎరుపు. వేడి. వాపు. నొప్పి. నాలుగూ వరసలో ఉన్నాయి, ఐదోది లేదు. ఆ భాగం తన పని తాను చేయలేకపోవడం అన్నది ఐదోది. పాఠం చెప్పేటప్పుడు రెండుసార్లు నొక్కి చెప్పింది, బోర్డు మీద కింద గీత కూడా గీసింది. అక్క కూతురన్న పక్షపాతం తనకి లేదని తనకే రుజువు చేసుకుంటున్నట్టు, అంచులో ఎర్రసిరాతో "ఐదోది ఏది?" అని రాసి అర మార్కు కోసింది.

అప్పుడే ఫోను మోగింది. బావ. "అయిపోయింది మరదలా" అన్నాడు. ఎప్పుడూ మాటకి ముందు ఒక నవ్వు, మాట తర్వాత ఒక నవ్వు పెట్టే మనిషి, ఆ రెండూ లేకుండా అనేసరికి ఆమెకి గొంతు గుర్తుపట్టడానికే ఒక క్షణం పట్టింది. ఫోను పెట్టేసింది. పొయ్యి ఆపింది. మిగిలిన రెండు జవాబులూ చదివి, మొత్తం కూడి, పదిహేడున్నర అని వేసి, పెన్నుకి మూత పెట్టి, అప్పుడు కదిలింది. అలా ఎందుకు చేశానని తర్వాత చాలాసార్లు అనుకుంది. చేతిలో ఉన్న పని పూర్తి చేయకుండా లేవడం ఆ ఇంటి ఆడపిల్లలు ఎవరికీ రాదు. తనకీ రాదు, అక్కకీ రాలేదు.

అక్కకి నలభై నాలుగేళ్ళు. ముందుగదిలో కుట్టుమిషను పెట్టుకుని వీధి వీధంతటికీ బట్టలు కుట్టేది. ఆ గది దాటి లోపలికి వెళితే వంటిల్లు, వెనక పెరడు, పక్కగదిలో అత్తగారు. ఈ నాలుగు చోట్ల మధ్య అక్క రోజుకి ఎన్ని మైళ్ళు నడిచేదో ఎవరూ లెక్క వెయ్యలేదు. బావది ఇంటింటికీ తిరిగి కరెంటు మీటర్లు చూసే ఉద్యోగం. ఏ ఇంట్లో ఎంత కాలిందో ముల్లు చూసి చెప్పేస్తాడు.

ఆస్పత్రిలో మూడో రోజు ఒక కుర్ర డాక్టరమ్మ ఆమెని పక్కకి పిలిచి కూర్చోబెట్టి చెప్పింది. పిత్తాశయంలో రాయి ఒకటి జారి క్లోమం దారికి అడ్డంపడింది. తిన్నది అరిగించడానికి క్లోమం తయారుచేసే రసానికి బయటికి పోయే దారి లేకపోయింది. ఉన్నచోటే పని మొదలుపెట్టింది. అంటే క్లోమాన్నే అరిగించడం మొదలుపెట్టింది.

"దెబ్బతిన్న కణాలు కబురు పంపుతాయమ్మా. ఆ కబురందుకుని తెల్లకణాలు వస్తాయి. అవి మరికొన్నిటిని పిలుస్తాయి. మామూలుగానైతే పనవగానే ఇంక చాలు, ఆపండని ఇంకో కబురు వెళ్తుంది. మీ అక్కగారి విషయంలో ఆ రెండో కబురు చేరట్లేదు. సాయానికి వచ్చినవే ఇప్పుడు ఒళ్ళంతా కాలుస్తున్నాయి. ఊపిరితిత్తుల దాకా వచ్చేసింది."

అదంతా ఆమెకి తెలుసు. ఇరవై ఏళ్ళుగా బాణం గుర్తులు గీసి మరీ చెబుతోంది. ఆ బాణాలు ఒక మనిషి మీదుగా పోవడం చూడటం ఇదే మొదటిసారి.

"నొప్పి ఎప్పట్నుంచండీ?" అని డాక్టరమ్మ బావని అడిగింది.

"ఆదివారం నుంచండీ."

"అంతకుముందు?"

"అంతకుముందు బాగానే ఉందండీ. పనులన్నీ తనే చేసుకుంటోంది."

ఆదివారం పొద్దున అక్క పొయ్యి దగ్గర కూలబడిపోయింది. ఆ రోజు ఆ ఇంట్లో వంట కాలేదు. అందుకని నొప్పి ఆదివారం మొదలైంది. డాక్టరమ్మ రాసుకోబోయి ఆగి ఇంకో మాట అడిగింది: "ముందుకి వంగి కూర్చుంటే ఆవిడకి కాస్త హాయిగా ఉండేదా? ఈ నొప్పి అలాగే ఉంటుంది." బావ ఆలోచించాడు. "వంగి కూర్చోవడమంటే... ఎప్పుడూ మిషను మీదే కదండీ, వంగే ఉంటుంది" అన్నాడు.

అక్క పోయిన ఐదో రోజున బావ ఆమెని పిలిచి, ముందుగదిలో గోడకి ఆనించి పెట్టిన పటం చూపించాడు. ఎప్పుడో గుర్తింపు కార్డు కోసం తీయించుకున్న ఫొటోని పెద్దది చేయించారు. పెద్దదయ్యేసరికి అక్క మొహంలో ఏదో అడగబోతున్నట్టున్న ఆ చూపు కూడా పెద్దదైంది. కింద రెండు వేళ్ళ మందాన తెల్లటి జాగా వదిలారు.

"నువ్వు టీచరువి, భాష తెలిసినదానివి. ఇక్కడ నాలుగు మంచి ముక్కలు రాసివ్వు మరదలా. ఓర్పుకు మారుపేరు అనో ఏదో. చివరిదాకా మిషను దిగలేదు తెలుసా? శనివారం సాయంత్రం కూడా టకటకమని చప్పుడు వస్తూనే ఉంది. ఆ చప్పుడు వినబడినంతసేపూ నేను నిశ్చింతగా ఉండేవాణ్ణి."

"మహాతల్లి" అంది పక్కగదిలోంచి అక్క అత్తగారు. "ఒక్క రోజు మంచమెక్కలేదు. ఒక్కనాడు అమ్మా అనలేదు. ఇప్పటి పిల్లలైతేనా, తుమ్ము వచ్చినా ఊరంతా చాటింపే."

"నొప్పి ఉందని మీతో అనలేదా అత్తయ్యగారూ?"

"అన్నా అనకపోయినా ఆడవాళ్ళకి ఏదో ఒకటి ఉండేదేగా అమ్మాయ్. కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుందని ఊరికే అన్నారా? దానికి ఆ సంగతి తెలుసు. అందుకే గుట్టుగా వెళ్ళిపోయింది."

ఆ మాటకి ఒళ్ళు మండింది. మండిందన్న సంగతి మొహంలో తెలియకుండా ఆమె లేచి మిషను దగ్గరికి వెళ్ళింది.

మిషను మీద గుడ్డ అలాగే ఉంది. దిండు గలీబు, లేత నీలం రంగుది, సూది కింద నొక్కి పట్టి ఉంది. పైన మేకుకి రీలు లేదు. కింద అర తీసి చూసింది, అడుగు దారం చుట్టే బాబిన్‌లో కూడా పోగు లేదు. ఆమె సూదిని పైకెత్తి గలీబు ఇవతలికి లాగింది. కుట్టు లేదు. కానీ సూది నడిచిన దారి ఉంది. గుడ్డని కిటికీకి అడ్డంగా పట్టుకుంది. సన్నటి చిల్లులు, వరస పక్కన వరస, వరస పక్కన వరస, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా. ఒక్కో చిల్లులోంచీ వెలుగు గుచ్చుకుంటోంది. మొదటి వరసలు బద్ద పెట్టి గీసినట్టు తిన్నగా ఉన్నాయి. సగం దాటాక పక్కకి ఒరిగాయి. చివరి వరసలు ఒకదానిమీద ఒకటి పడి గుడ్డ చిరిగింది. అక్క కుట్టు ఎన్నడూ వంకర పోలేదు. కళ్ళు మూసుకుని కుడుతుందనేవాళ్ళు.

అక్క కుట్టలేదు. ముందుకి వంగితే నొప్పి తగ్గుతుంది. ఊరికే వంగి కూర్చుంటే ఎవరో ఒకరు ఏదో ఒక పనికి పిలుస్తారు. మిషను చప్పుడు వస్తుంటే పిలవరు. బావ నిశ్చింతగా విన్న టకటక అదీ.

"అమ్మ రీలు తెమ్మనలేదు పిన్నీ."

గుమ్మంలో అక్క కూతురు నిలబడి ఉంది. చిన్నప్పుడు మిషను చుట్టూ గిరగిరా తిరుగుతోందని అక్కే ఆ పిల్లకి బాబిన్ అని పేరు పెట్టింది. పద్నాలుగేళ్ళు వచ్చినా ఇంట్లో అదే పేరు.

"శుక్రవారం సాయంత్రం నన్నొకసారి పిలిచింది. బాబిన్, ఇలా రామ్మా అంది. నేను పక్కగదిలో చదువుకుంటున్నా. మరునాడు నీ పరీక్షేగా. తర్వాత వస్తానమ్మా అన్నా. మళ్ళీ పిలవలేదు." పిల్ల గోడకి కళ్ళు అతికించి చెబుతోంది. "ఆ పాఠమే చదువుతున్నా పిన్నీ. గాయాల పాఠమే."

"నీ తప్పు కాదే."

"డాక్టరు దగ్గర కూడా అమ్మ మాట్లాడలేదు. గురువారం నాన్న తీసుకెళ్ళాడుగా, వీధి చివర క్లినిక్‌కి, నేనూ వెళ్ళా. ఏంటమ్మా అని డాక్టరు అడిగాడు. అమ్మ నోరు తెరిచే లోపే నాన్న, కడుపుమంటండీ డాక్టరుగారూ, మా తమ్ముడు కొత్తిల్లు కట్టుకున్నాడు లెండి, అప్పట్నుంచీ ఇదే వరస అన్నాడు. డాక్టరు పడీపడీ నవ్వాడు. నవ్వుతూనే బిళ్ళలు రాసిచ్చాడు."

"అమ్మ ఏమంది?"

"అమ్మ కూడా నవ్వింది."

పుస్తకంలో ఈ ఎరుపు, వేడి, వాపు, నొప్పి అన్నిటికీ కలిపి నోరు తిరగని పేరొకటి ఉంది, శోథ అని. పిల్లలకి అది పట్టదని ఆమె పాఠంలో మంట అనే చెబుతుంది. పొయ్యిలో ఉన్నదీ మంటే, పుండులో ఉన్నదీ మంటే, ఎదుటివాడి మేడ చూసి ఓర్వలేకపోతే అదీ మంటే. ఇన్ని మంటలకి ఒకటే మాట అయినప్పుడు, ఏ మంట అని అడగాలి. అడగటానికి ఒక్క క్షణం పడుతుంది. ఆ క్షణంలో నవ్వు వచ్చేసింది. అత్తగారూ మరిదీ తోడికోడలూ అందరూ వేసే పాత జోకు అది. అక్కకి ఎక్కడ ఏ అసౌకర్యం కలిగినా, కొత్తిల్లే కారణం. ఆ ఇంటికి కిటికీ తెరలన్నీ కుట్టిచ్చింది అక్కే.

ఆమె గలీబుని మడిచి సంచిలో పెట్టుకుంది. బావ చూసి "అదెందుకూ, సగం కుట్టింది" అన్నాడు.

"సగం కూడా కుట్టలేదు బావా."

అతనికి అర్థం కాలేదు. విడమరచి చెప్పే ఓపిక ఆమెకి ఆ రోజు లేదు.

ఆమె భర్త చెడ్డవాడేం కాదు. ఈ ముక్క ఆమె ఇరవై ఏళ్ళుగా అందరికీ చెబుతోంది, ఎవరూ అడగకపోయినా. మరదలినో వదినెనో పట్టుకుని జోకులు వేసే రకం కాదు, చెయ్యెత్తే రకం అంతకంటే కాదు. ఆస్పత్రికి రెండుసార్లు వచ్చాడు. పదో రోజున మాత్రం "ఇంకా ఎన్నాళ్ళు ఇలా మొహం వేలాడేసుకుని ఉంటావు? పోయినవాళ్ళతో పోలేం కదా" అన్నాడు, మంచిగానే. అక్కకి జరిగింది తెలిశాక ఆమెకి ఒక బుద్ధి పుట్టింది. టీచరు బుద్ధి. ఏదైనా ఒకటి నమ్మేముందు పరీక్ష చేసి చూడాలి. ఒక సాయంత్రం ఆయనకి టీ అందిస్తూ, గొంతు పెంచకుండా, తగ్గించకుండా, "నాకు గుండెల్లో మంటగా ఉందండీ" అంది.

"ఊఁ" అన్నాడాయన పేపరులోంచి. కాస్సేపాగి, "ఎసిడిటీ అయ్యుంటుంది" అన్నాడు. ఇంకాస్సేపాగి, "బిస్కెట్లు లేవా?" అన్నాడు.

మర్నాడు ఆమె ఏమీ అనలేదు. టీ పెట్టలేదు, అంతే. కుర్చీలో ఊరికే కూర్చుంది. పది నిమిషాలకి ఆయన వంటింట్లోకి తొంగిచూసి, వెనక్కి వచ్చి, నుదుటి మీద చెయ్యి వేసి, నిజంగానే కంగారుగా "ఏమైందోయ్, ఒంట్లో బాగాలేదా?" అన్నాడు.

అంటే ఈ ఇంట్లో కూడా అంతే. ఎరుపు కనబడదు. వేడి తగలదు. వాపు ఆనదు. నొప్పి వినబడదు. ఐదోది ఒక్కటే కనబడుతుంది. పని ఆగితే అప్పుడు జబ్బు. అక్క కూతురి పేపరులో అర మార్కు కోసిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది. ఆ పిల్ల ఐదోది ఎక్కడ చూసిందని రాస్తుంది? పుట్టినప్పట్నుంచీ ఆ ఇంట్లో నాలుగు లక్షణాలతోనే ఒక మనిషి తిరుగుతుండటం చూసింది. చూసిందే రాసింది.

స్కూల్లో పరామర్శలు రెండు రోజుల్లో తీరిపోయాయి. మూడో రోజు ఆమె పీరియడ్లకి ఇంకొకటి కలిసింది, లెక్కల మాస్టారి కూతురి పెళ్ళిచూపులని. హెడ్మాస్టరు మార్కుల జాబితా అందుకుంటూ "పని చేసుకుంటూ ఉంటే బాధ అదే మర్చిపోతారు మేడం. పనిని మించిన మందు లేదు" అన్నాడు. ఆయన ఆ మందు తను వాడగా ఆమె ఎప్పుడూ చూడలేదు.

తొమ్మిదో తరగతిలో ఆ రోజు పేపర్లిచ్చి చూపించి, మళ్ళీ తీసుకుని, అందరూ తప్పు రాశారు కాబట్టి పాఠం మళ్ళీ మొదలుపెట్టింది. బోర్డు మీద పెద్ద గుండ్రం గీసి, అది కణం అంది. దాని అంచు మీద చిన్న చిన్న గిన్నెల్లాంటివి గీసింది.

"ఇవి గ్రాహకాలు. అంటే కణానికి చెవులు. పక్కన ఏదో కణం దెబ్బతింటుంది. అది అరవలేదు, నోరు లేదు కదా. ఒక రసాయనాన్ని వదులుతుంది. అదే దాని కబురు. ఆ కబురు వచ్చి ఈ చెవిలో సరిగ్గా కూర్చుంటేనే ఈ కణానికి సంగతి తెలుస్తుంది. తెలిశాక లోపల ఒక అణువు ఇంకో అణువుకి, అది ఇంకోదానికి అందిస్తూ కేంద్రకం దాకా చేరవేస్తాయి. అప్పుడు హుకుం బయటికి వస్తుంది. రక్తనాళం వెడల్పు చెయ్యి, సాయం పంపు అని. అయితే ఒకటి. ఒక్కో చెవికి ఒక్కో రకం కబురే వినబడుతుంది. మిగతావి ఎన్ని వచ్చి గుద్దుకున్నా దానికి లెక్కలేదు."

"మా నాన్నకి కూడా అంతే టీచర్" అంది వెనక బెంచీలోంచి ఒక గడుగ్గాయి. "వడ్డించాం అంటే వీధి చివర్నుంచి వినబడుద్ది. కాస్త నీళ్ళు తెచ్చిపెట్టు అంటే పక్కనుంచి కూడా వినబడదు."

తరగతంతా గొల్లుమంది. ఆమెకీ నవ్వు వచ్చింది, అక్క పోయాక మొదటిసారి. ఆ నవ్వుతోనే తల తిప్పి చూస్తే, మూడో బెంచీలో బాబిన్ రాసుకోవడం లేదనిపించింది. రాస్తోంది, కానీ పెన్ను మధ్యవేలుకీ ఉంగరపు వేలుకీ నడుమ ఇరికించి పట్టుకుంది. చూపుడువేలు విడిగా, ఎవరిదో అన్నట్టు, గాలిలో నిలబడి ఉంది.

గంట కొట్టాక పిల్లని ఆపి చెయ్యి చూసింది. చూపుడువేలు గోరు పక్కన ఉబ్బి, ఎర్రగా నిగనిగలాడుతోంది. మధ్యలో పసుపుపచ్చగా చీము. పక్కన చర్మం నీళ్ళలో నాని నాని తెల్లబడింది.

"ఎన్నాళ్ళైంది?"

"వారం."

"నాన్నకి చెప్పలేదా?"

"చెప్పా. గోరుచుట్టేగా, దానికి డాక్టరెందుకు అన్నాడు. నాయనమ్మ వేడినీళ్ళలో ముంచమంది. గిన్నెలు తోమేది వేడినీళ్ళతోనేగా, వేరే ముంచడం ఎందుకు, అందులోనే మునుగుతుందిలే అంది."

పిల్ల ఏడవడం లేదు. పెదవి చివర చిన్న నవ్వు కూడా పెట్టుకుంది. ఆ నవ్వు ఆమెకి తెలుసు. పటంలో లేదు గానీ, ముప్పై ఏళ్ళు చూసింది.

గోరుచుట్టు మీద రోకటిపోటు అన్న సామెత ఆమె ఎన్నిసార్లో వాడింది. గోరుచుట్టున్న చేతికి రోకలి ఎవరిచ్చారన్నది ఇన్నేళ్ళూ ఆలోచించలేదు. హెడ్మాస్టరుకి చీటీ రాసి పంపింది: చివరి పీరియడు తీసుకోవడం కుదరదు. కారణం అన్నచోట ఏమీ రాయలేదు. ఇరవై ఏళ్ళలో ఆమె కారణం రాయకుండా పంపిన చీటీ అదొక్కటే.

వీధి చివర క్లినిక్‌కే తీసుకెళ్ళింది. వేరే చోటికి వెళ్ళొచ్చు. వెళ్ళదలుచుకోలేదు.

డాక్టరు పెద్ద మనిషి, బొద్దుగా, నవ్వడానికి సిద్ధంగా ఉన్న మొహంతో ఉన్నాడు. ఇద్దరినీ చూసి ఆమెనే అడిగాడు: "ఏంటమ్మా పాపకి?"

"పాపనే అడగండి."

"టీచరుగారు కదూ! పాపకి నోటి పరీక్ష పెడుతున్నారన్నమాట" అని నవ్వి, పిల్ల వైపు తిరిగాడు. "చెప్పమ్మా మరి."

బాబిన్ ఆమె వైపు చూసింది. ఆమె ఏమీ అందివ్వలేదు. తరగతిలో జవాబు కోసం ఎలా ఎదురుచూస్తుందో అలాగే చేతులు కట్టుకుని కూర్చుంది.

"ఎర్రగా ఉందండీ" అంది పిల్ల. "వేడిగా ఉంది. వాచింది. నొప్పి. అంటే లోపల కొట్టుకుంటున్నట్టు నొప్పి."

ఆగింది. డాక్టరు వేలు అందుకోబోయాడు. "ఉండండి, ఇంకా ఉంది" అంది ఆమె.

పిల్ల తల దించుకుంది. ఏదో దొంగతనం ఒప్పుకుంటున్నట్టు, నేలకి చెప్పింది: "ఈ వేలితో పని చేయలేకపోతున్నాను."

డాక్టరు మత్తు ఇచ్చి, కోసి, చీము తీసి, కట్టు కట్టాడు. "ఇంకో రెండు రోజులు ఆగుంటే ఎముక దాకా పోయేది. ముందే రావద్దూ?" అన్నాడు. చేతులు కడుక్కుంటూ, పిల్లని పరకాయించి చూసి, "నువ్వు మీటరు చూసే ఆయన కూతురివి కదూ? అమ్మ రాలేదేం? తగ్గిందా ఆవిడ కడుపుమంట?" అన్నాడు. నవ్వు అప్పటికే సగం బయటికి వచ్చేసింది.

"చచ్చిపోయింది" అంది బాబిన్.

కొళాయి కారుతూనే ఉంది. డాక్టరు దాన్ని కట్టడం మర్చిపోయాడు.

ఆమె లేచి కొళాయి కట్టింది. "క్లోమం" అంది. "తొమ్మిది రోజులు ఆస్పత్రిలో ఉన్నారు. మంట ఎక్కడ, ఎప్పట్నుంచి, వీపులోకి పాకుతోందా అని మీరు ఆవిడని అడగలేదట."

"వాళ్ళాయన చెప్పారు కదమ్మా..."

"మంట ఆయనది కాదు."

డాక్టరు తువ్వాలుతో ఒక్కో వేలూ విడివిడిగా తుడుచుకున్నాడు. మొహం ఎర్రబడింది. "చూడండమ్మా, పేషెంటు నోరు విప్పకపోతే మేం మాత్రం ఏం చేస్తాం? ఆవిడ ఒక్క మాట అనలేదు. పైగా నవ్వారు."

దానికి ఆమె దగ్గర జవాబు ఉంది. నాలుక చివరిదాకా వచ్చింది. అక్క నోరు విప్పింది అన్న మాట అది. ఎవరి దగ్గర అని ఆయన అడుగుతాడు. ఆమె ఆ మాట మింగి, పిల్ల భుజం మీద చెయ్యి వేసి బయటికి నడిచింది.

దారిలో బాబిన్ కట్టు కట్టిన వేలుని పైకెత్తి పట్టుకుని, హాజరు పలుకుతున్నట్టుగా నడుస్తోంది. మలుపు దగ్గర ఆగి అంది: "ఆ రోజు అమ్మ పిలిస్తే నేను వెళ్ళుంటే చెప్పేదేమో పిన్నీ. నాకు అర్థమయ్యేది కాదేమో గానీ. నువ్వైతే వెంటనే కనిపెట్టేదానివి. నీకు పాఠమంతా వచ్చుగా."

"చెయ్యి కిందికి దించకు, నొప్పి పెడుతుంది" అంది ఆమె.

ఇంటికొచ్చి బావకి ఫోను చేసింది. పిల్ల వారం రోజులు తన దగ్గరే ఉంటుందనీ, వేలు తడవకూడదనీ, గిన్నెలు ఆయనే తోముకోవాలనీ చెప్పింది. "నేనా?" అన్నాడు బావ, ఎవరో మూడో మనిషి గురించి అన్నట్టు. "నీళ్ళు వేడిగా ఉంటే జిడ్డు సులువుగా పోతుందట. మీ అమ్మగారికి తెలుసు" అంది.

"సరేలే. పటం కింద ముక్కలు రాశావా? ఫ్రేము కట్టేవాడు అడుగుతున్నాడు."

"రాశాను. రాసుకోండి. ఈమెకు నొప్పి ఉండేది."

"తర్వాత?"

"అంతే."

"అదేం మాట మరదలా! వచ్చినవాళ్ళు చదివితే ఏమనుకుంటారు?"

"నొప్పి ఉండేదనుకుంటారు."

బావ ఫోను పెట్టేశాడు. ఆ వాక్యం రాయించలేదు. ఇంకెవరి చేతా వేరేది రాయించలేదు కూడా. ఆ తెల్ల జాగా ఇప్పటికీ అలాగే ఉంది.

వంటింట్లోంచి ఆమె భర్త కేకేశాడు, టీపొడి ఎక్కడుందని. పొయ్యి పక్క అరలో, ఇరవై ఏళ్ళుగా అక్కడే, అని చెప్పి లేవలేదు. సంచిలోంచి బాబిన్ పేపరు తీసుకుంది. "ఐదోది ఏది?" అన్న తన ప్రశ్న పక్కన, నోటితో చెప్పింది అని రాసి, పదిహేడున్నరని కొట్టేసి పద్దెనిమిది చేసింది. పేపరు కింద నీలం గలీబు ఉంది. పక్కగదిలో పిల్ల నిద్రపోతోంది, వేలు దిండు మీద ఎత్తిపెట్టుకుని.

అక్క క్లినిక్‌కి వెళ్ళింది గురువారం. కూతుర్ని పిలిచింది శుక్రవారం. వాటికి ముందు ఒక బుధవారం ఉంది. మధ్యాహ్నం స్టాఫ్‌రూములో ఆమె డబ్బా మూత తీస్తుండగా అక్క ఫోను చేసింది. అక్క ఆ వేళకి ఎప్పుడూ చెయ్యదు. "కడుపులో ఒకటే మంటే, నాలుగు రోజుల్నుంచీ" అంది. జీవశాస్త్రం టీచరు, బోర్డు మీద బాణాలు గీసే మనిషి, పక్కవాళ్ళకి వినబడేలా నవ్వుతూ, "ఏం, మరిది కొత్తిల్లు మళ్ళీ చూసొచ్చావా?" అంది. అవతల అక్క కూడా నవ్వింది. గంట మోగింది. సాయంత్రం చేస్తానని చెప్పి పెట్టేసింది. సాయంత్రం చెయ్యలేదు.

ఈ సంగతి బాబిన్‌కి ఆమె ఇంకా చెప్పలేదు.